వేలిముద్రలు తీసుకున్నోళ్ళే రుజువు అడుగుతాండారు

పోస్టు పొడుగ్గా ఉంది. సగంలో ఆపేసి తిట్టొద్దండి, తిట్టాలనుకునేవాళ్ళు చివరిదాకా చదివి తిట్టండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న రాసినాడు. మనది రాత లేని జాతి, పాత సర్కారు ఫైళ్ళలో మన గురించి ఉండేదంతా దొంగలని రాసిందే, ఆ చెత్తలో తాతల్ని వెతుక్కోవడం ఏంటికి అని. బాగానే లైకులు వచ్చినాయి. దాని కిందే ఇంకో అన్న ఎప్పటి మాదిరే ఆ ఫార్వర్డ్ పెట్టినాడు, మనం రాణా ప్రతాప్ సైన్యం నుంచి వచ్చిన రాజపుత్రులం అని. దానికి ఇంకా ఎక్కువ లైకులు. నేను రెండిటికీ కొట్టలేదు. ఇద్దరన్నల మీదా నాకు గౌరవం ఉంది. కానీ ఇద్దరూ వేర్వేరు దారుల్లో మనల్ని ఒకే గుంతలోకి తీసుకపోతాండారు. అదేందో చెప్తా.

ముందు నా సంగతి. మాది సోమందేపల్లి మండలంలో ఒక తాండా. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే మొదలు. నాయన బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాడు, అమ్మ వేరుశనగ కోతలకు, మల్బరీ ఆకు కోతకు పోతుంది. డిగ్రీలో చేరేటప్పుడు ఎస్టీ సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు పోయినాం. మీ నాయనది గానీ తాతది గానీ పాత కాగితం ఏదన్నా తెండి అన్నారు. నాయన మూడో తరగతిలో బడి మానేసినాడు. తాత డీకేటీ పట్టా ఇనుప పెట్టెలో ఉంది, అందులో పేరు లచ్చానాయకుడు. రేషన్ కార్డులో లక్ష్మణ నాయక్. నాయన బడి రిజిస్టర్లో తండ్రి పేరు లక్ష్మా నాయక్. కౌంటర్ దగ్గర సారు మూడూ పక్కపక్కన పెట్టి, "వీళ్ళు ముగ్గురు మనుషులు కదమ్మా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నిజంగానే ఆయనకు ముగ్గురు కనపడినారు.

నాలుగు సార్లు తిరిగినాం. నాయనకు నాలుగు రోజుల కూలీ పోయింది. ఆఖరికి మమ్మల్ని కాపాడింది ఆ బడి రిజిస్టరే. దాంట్లో కులం అనే గడిలో ఎవరో ఒక అయ్యవారు నలభై ఏండ్ల కింద "సుగాలి" అని నీలి సిరాతో రాసినాడు. ఆ ఒక్క మాట లేకుంటే నేను ఈ రోజు ఈ హాస్టల్లో కూర్చోని ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

ఆ రోజు రాత్రి మా దాదీకి ఇదంతా చెప్తే, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. మా తాత వాళ్ళ నాయన రోజూ పొద్దుగూకినాక ఊర్లోకి పోయి రెడ్డి చావిడి దగ్గర కనపడి రావాలంట. వేరే ఊరికి సంతకు పోవాలంటే చీటీ రాయించుకోవాలంట. ఒక పుస్తకంలో వేలిముద్ర వేసేవాడంట. దాదీ అది చూడలేదు, వాళ్ళ అత్త చెప్తే విన్నది. చెప్పి, "ఇది బయట యాడా అనొద్దు" అనింది. ఇప్పుడు నేను అంటాండా. దాదీని అడిగే అంటాండా. మూడు నెలలు బతిమాలుకున్నాక సరే అనింది.

ఆ పుస్తకం ఏందో చాలామందికి తెలిసే ఉంటుంది, కానీ ఇండ్లల్లో మాట్లాడరు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. 1871లో తెల్లవాళ్ళు మొదట ఉత్తరాదిలో తెచ్చినారు. 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. 1924లో ఇంకా గట్టి చేసినారు. సుగాలీలలో, ఎరుకలలో, యానాదులలో అనేక గుంపుల్ని పుట్టుకతోనే నేరస్తులని ప్రకటించినారు. తప్పు చేసినోడి పేరు కాదు, పుట్టినోడి పేరు రాసుకున్నారు. వేలిముద్రలు తీసుకున్నారు. ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల ఆఫీసు లండన్‌లో కాదు, 1897లో మన కలకత్తాలో పెట్టినారు. ఎరుకల కుటుంబాల్ని కొన్నింటిని బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి కాపలా కాసినారు. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో పోయింది, దేశమంతా పోయింది 1952 ఆగస్టు 31న. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన అయిదేండ్లకు అన్నమాట. తర్వాత 1956 సవరణ చట్టంతో ఆంధ్ర ప్రాంతంలో మనకు ఎస్టీ జాబితాలో చోటు దొరికింది.

ఇప్పుడు అసలు మాట. 1993లో మన రాష్ట్రం కుల ధ్రువీకరణ పత్రాల చట్టం చేసింది. దాని ప్రకారం నేను ఎస్టీనని రుజువు చేసుకునే బాధ్యత నాదే. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినాక పరిశీలన ఇంకా గట్టిపడింది. 2011లో ఆనంద్ కేసులో స్వాతంత్ర్యానికి ముందటి కాగితాలకు ఎక్కువ బలం ఇవ్వాలని కోర్టు చెప్పింది. పరిశీలన వద్దని నేను అనను. దొంగ సర్టిఫికెట్లతో మన సీట్లు మింగేవాళ్ళు ఉన్నారు, వాళ్ళను పట్టుకోవాల్సిందే. కానీ ఒకసారి ఆలోచించండి. స్వాతంత్ర్యానికి ముందు మా ముత్తాతకు బడి లేదు, భూమి లేదు, రిజిస్ట్రీ లేదు. ఆయన పేరు, తండ్రి పేరు, కులం, ఊరు సర్కారు శ్రద్ధగా రాసుకున్నది ఒక్క చోటే, ఆ వేలిముద్రల పుస్తకంలో. అప్పుడు మేము అడగకుండానే సుగాలి అని రాసుకున్నారు. ఇప్పుడు మేము సుగాలీలమని చెప్తే రుజువు ఏది అంటాండారు. రుజువు వాళ్ళ బీరువాలోనే ఉండి మమ్మల్ని తెమ్మంటాండారు!

అందుకే మొదటి అన్నకు నా జవాబు ఇది. అన్నా, ఆ ఫైళ్ళు చెత్త అని వదిలేస్తే నష్టం రాసినోడికి కాదు, మనకు. శత్రువు రాసిందంతా అబద్ధమే అయి ఉండదు. దొంగ అని రాసింది అబద్ధం. ఫలానా ఊరు, ఫలానా వాని కొడుకు, ఇన్ని ఎద్దులు అని రాసింది నిజం. ఆ రెండిటినీ విడదీసి చదవడం నేర్చుకోవాలి. చదువుకున్నది దానికే కదా?

ఇది నేను కనిపెట్టింది కాదు. మీనా రాధాకృష్ణ అని ఒక చరిత్రకారిణి మద్రాసు రాజధానిలోని కొరవల మీద, అంటే మన ఎరుకల వాళ్ళ మీద పరిశోధన చేసి 2001లో పుస్తకం తెచ్చింది. సర్కారు కాగితాలనే చదివి, వీళ్ళు ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకునే వ్యాపారులని, రైళ్ళు, రోడ్లు, కొత్త చట్టాలు వచ్చి ఆ బతుకు పోయిందని, బతుకు పోయినాక నేరస్తులనే ముద్ర పడిందని చూపించింది. మన లంబాడీ బిడ్డే అయిన భంగ్యా భుక్యా సారు నిజాం రాజ్యంలోని లంబాడీల చరిత్రను 2010లో పుస్తకంగా తెచ్చినాడు. ఆయన కూడా పాత రికార్డులు తిరగేసే రాసినాడు. టిప్పు సుల్తాను మీద 1791-92లో కారన్‌వాలిస్ సైన్యం నడిచినప్పుడు దానికి తిండిగింజలు ఎద్దుల మీద మోసింది బంజారాలే. అవసరం ఉన్నన్ని రోజులు మనవాళ్ళు సరుకు తెచ్చే వ్యాపారులు. రైలొచ్చి అవసరం తీరినాక దేశదిమ్మరి దొంగలు. ఈ మాట మనం ఉత్తగా అంటే ఆవేశం అంటారు, వాళ్ళ ఫైలు చూపించి అంటే నోరు మూస్తారు.

ఇంకొక ఉదాహరణ. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు చెరుకు తోటల్లో పనికని సుమారు 1,52,000 మందిని ఓడల్లో తీసుకపోయినారు. అందులో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే, తెలుగోళ్ళు చాలామంది. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలు రాసుకున్నారు. ప్రేమతో రాసుకోలేదు. కూలీ పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నారు. ఈ రోజు డర్బన్‌లో వాళ్ళ మునిమనవళ్ళు అవే జాబితాలు పట్టుకొని మా ఊరు ఇదీ అని ఇక్కడికి వస్తాండారు. సంకెల వేసినోడి పుస్తకమే వాళ్ళకు ఇంటికి దారి చూపింది. మనం ఇక్కడే ఉండి, చెన్నైకి ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉండి, మాకొద్దు అంటాండాం.

ఇప్పుడు రెండో అన్నకు. అన్నా, రాజపుత్రుల ఫార్వర్డ్ గురించి కోపం తెచ్చుకోవద్దు. మన రాఠోడ్, పవార్, చౌహాన్ గోత్రాలు ఉన్నాయి, ఉత్తరాది నుంచి వచ్చిన గుర్తులు మన మాటలో ఉన్నాయి, ఢాడీలు పాడే వంశాల పాటలు ఉన్నాయి. వాటిని నేను తోసేయను. కానీ రాణా ప్రతాప్ సైన్యం నుంచి నేరుగా సోమందేపల్లి తాండా దాకా మధ్యలో ఒక్క పేరు కూడా చెప్పలేనప్పుడు, అది మన చరిత్ర ఎట్లా అవుతుంది? నాలుగు వందల ఏండ్ల కిందటి రాజు పేరు నోటికి వస్తుంది, వంద ఏండ్ల కిందటి సొంత ముత్తాత పేరు రాదు. ఇది గర్వమా?

మీలో చాలామంది ఏడు తరాలు చదివింటారు. అలెక్స్ హేలీ అమెరికాలో 1976లో రాసింది, తెలుగులో సహవాసి గారు తెచ్చినారు. మన హాస్టళ్ళలో అది చేతులు మారి చినిగిపోయే పుస్తకం. హేలీ వాళ్ళ ముసలోళ్ళ మాటలు విని, జనాభా లెక్కలు, ఓడ కాగితాలు వెతుక్కుంటా పోయినాడు, ఆఫ్రికాలో వంశాలు పాడేవాళ్ళను కలిసినాడు. కానీ తర్వాత వేరేవాళ్ళు అవే కాగితాలు తిరగేసి, ఆయన కలిపిన లంకెలు కొన్ని అతకడం లేదని చూపించినారు. పుస్తకం గొప్పతనం పోలేదు, కానీ వంశం గురించి చెప్పినదాన్ని పూర్తిగా నమ్మలేని పరిస్థితి వచ్చింది. అంత కష్టపడినోడికే ఆ ప్రమాదం ఉంటే, ఎవరు రాసినాడో తెలియని ఫార్వర్డ్‌ను మనం కుటుంబ చరిత్ర అని పిల్లలకు చెప్తే ఏమవుతుంది? తెలంగాణలో లంబాడీల ఎస్టీ హోదా మీద గొడవ నడుస్తానే ఉంది. రేపు ఎవరన్నా అడిగితే, మేము రాజులం అని మనమే పెట్టుకున్న పోస్టులు మన మీదికే తెస్తారు. అప్పుడు మన చేతిలో ఏముంటుంది?

పెనుకొండకు పోయినప్పుడు కోట గోడలు చూడండి. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు అక్కడినుంచే ఏలినారు. వాళ్ళ పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి. రాళ్ళ మీద లేనంత మాత్రాన మనం లేనట్టు కాదు. కానీ రాళ్ళ మీద లేమని చెప్పి రాజుల పేరు అరువు తెచ్చుకోవడం కూడా సరి కాదు. ఎద్దు మీద ఉప్పు మోసినోడి మనవరాలిని అని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. రోజూ చావిడి దగ్గర నిలబడినోడి మునిమనవరాలిని అని చెప్పడానికీ లేదు. సిగ్గుపడాల్సింది నిలబెట్టినోళ్ళు.

ఇంకొక మాట, ఇది అన్నలు గట్టిగా వినాల. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు మా చిన్నాయనే, ఆడపిల్లవు నీకేంటికి ఈ రికార్డులు అన్నాడు. రికార్డులు చూస్తే నాకు అర్థమైంది ఏంటికో. పట్టాలో మగాళ్ళే, బడి రిజిస్టర్లో తండ్రి పేరే. మా దాదీ పేరు మొదటిసారి సర్కారు కాగితం మీదికి ఎక్కింది ఓటరు జాబితాలో, అదీ "భర్త పేరు" అనే గడి పక్కన. కాగితాలే చరిత్ర అనుకుంటే మా దాదీ లేదు. నోటిమాటే చరిత్ర అనుకుంటే ఆఫీసులో నేను లేను. అందుకే నాకు రెండూ కావాలి.

సరే, ఏం చేయాల? నేను చేసింది, చేస్తాండేది చెప్తా.

ఒకటి. ముందు ఇంట్లో ముసలోళ్ళ దగ్గర కూర్చోండి. ఫోన్లో రికార్డు చేసుకోండి, వాళ్ళను అడిగి. మన భాషలోనే చెప్పనీయండి. పేర్లు, గోత్రం, ఏ తాండా నుంచి ఏ తాండాకు వచ్చినారు, ఏ కరువు ఏడాది, ఏ రెడ్డి పొలంలో పని. ఇది వాయిదా వేయొద్దు. ఫైలు ఇంకో పదేండ్లు ఆగుతుంది, దాదీ ఆగదు.

రెండు. నాయన, తాత చదివిన బడి అడ్మిషన్ రిజిస్టర్. ఒక్క ఏడాది చదివినా పేరు ఉంటుంది. దానికి ధ్రువీకరించిన నకలు తీసుకోండి.

మూడు. భూమి రికార్డులు. తహసీల్దారు ఆఫీసులో అడంగల్, 1బి, డీకేటీ రిజిస్టర్, ఇంకా పాత ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్మెంట్ రిజిస్టర్. కొన్ని సర్వే నంబర్లకు ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు మాత్రమే ఉంటాయి. వాటినే చుక్కల భూములంటారు, వాటి కోసం 2017లో రాష్ట్రం ఒక చట్టమే చేసింది. మీ తాతలు సాగుచేసిన నేల అట్లాంటిదేమో చూసుకోండి. నోటిమాటతో ఇవ్వకుంటే సమాచార హక్కు చట్టం 2005 కింద అర్జీ పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాల, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్ళకు ఫీజు లేదు.

నాలుగు. ఊరి పేర్లు, జిల్లా పేర్లు మారినాయని గుర్తుపెట్టుకోండి. సోమందేపల్లి మండలం అని పాత ఫైళ్ళలో వెతికితే దొరకదు, మండలాలు వచ్చిందే 1985లో. అంతకుముందు తాలూకాలు. శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది, అంతకుముందు అనంతపురం. 1882కు ముందు అనంతపురం జిల్లా కూడా లేదు, బళ్ళారి జిల్లా. 1800కు ముందు నిజాం. కరణం, మునసబు పదవులు 1984లో రద్దయినాయి, వాళ్ళ దగ్గరున్న పుస్తకాలు కొన్ని ఆఫీసుకు చేరినాయి, కొన్ని అటకల మీదనే పోయినాయి. పేర్లు కూడా అట్లాగే. సుగాలి, లంబాడీ, బంజారా, తెల్లవాళ్ళ రాతలో బ్రింజారీ. అన్నీ వెతకండి.

అయిదు. అచ్చు పుస్తకాలు. 1905 నాటి అనంతపురం జిల్లా గెజిటీర్, 1909 నాటి థర్‌స్టన్ ఏడు సంపుటాలు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచినోడు. నాలుగో సంపుటంలో లంబాడీలు, మూడో దాంట్లో కొరవలు ఉన్నారు. చదివేటప్పుడు కోపం వస్తుంది, రావాల. కోపంతోనే పెన్సిల్ పట్టుకొని చదవండి, ఏది చూసి రాసినాడు, ఏది విని రాసినాడు అని పక్కన గుర్తు పెట్టుకోండి.

ఆరు. అసలు ఫైళ్ళు. మద్రాసు సర్కారు పాత రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఏ గుంపును ఎప్పుడు నేరస్తులని ప్రకటించినారో సెయింట్ జార్జ్ కోట గెజిట్‌లో అచ్చేసినారు. నేనింకా పోలేదు. మా లెక్చరర్ మేడమ్ దగ్గర లేఖ తీసుకున్నా, ఎండాకాలం సెలవుల్లో పోతా. ఇద్దరు ముగ్గురు తోడు వస్తే ఖర్చు పంచుకోవచ్చు. ఎవరన్నా వస్తారా?

ఒక హెచ్చరిక కూడా. మనవే కాక వేరే కుటుంబాల పేర్లు ఆ పుస్తకాల్లో దొరుకుతాయి. ఫొటో తీసి గ్రూపులో పెట్టొద్దండి. మనకు అది చరిత్ర, వాళ్ళ ఇంట్లో పెండ్లి చూపుల రోజు అదే గాయం కావచ్చు. ముందు ఆ ఇంటికి పోయి చెప్పండి, వాళ్ళు సరే అంటేనే బయట పెట్టండి.

సర్కారును కూడా అడగాల. 1952లో చట్టం రద్దు చేసినారు, బాగుంది. ఆ రిజిస్టర్లు ఎక్కడున్నాయి, ఎన్ని మిగిలినాయి అనే జాబితా బయట పెట్టాల. మా కుటుంబం గురించి రాసిన పేజీ మాకు నకలివ్వాల, సర్టిఫికెట్ పరిశీలనలో దాన్ని సాక్ష్యంగా తీసుకోవాల. రెంకే కమిషన్, ఇదాతే కమిషన్ మనలాంటి విముక్త జాతుల గురించి నివేదికలిచ్చినాయి, అవి అల్మరాల్లో ఉన్నాయి. మన సంఘాలు డీజే పెట్టి ర్యాలీ తీసే ఖర్చులో పదో వంతు పెడితే ఒక పిల్లను ఒక నెల చెన్నైలో ఉంచి చదివించొచ్చు. ఎవరికన్నా నొచ్చుకుంటే నొచ్చుకోండి, ఇది మాత్రం నేను వెనక్కి తీసుకోను.

నాకు ఇప్పటికి దొరికింది తక్కువే. అయిదు తరాల్లో మూడు తరాల పేర్లు, నాలుగు కాగితాలు, దాదీ మాటలు రెండు గంటల పైన. మా ముత్తాత పేరు దాదీకి కూడా సరిగ్గా గుర్తులేదు. కోడలు మామ పేరు పలకకూడదు కదా, పలకక పలకక మర్చిపోయింది. ఆ పేరు తెలిసినవాళ్ళు మా తాండాలో ఇప్పుడు ఎవరూ లేరు. అది రాసి ఉండేది ఎక్కడన్నా ఉంటే, ఆ వేలిముద్రల పుస్తకంలోనే. ఆ పుస్తకాన్ని చెత్త అని ఎట్లా అనమంటారు నన్ను?

ఈ పోస్టుకు లైకులు వద్దు. కింద మీ ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు రాయండి. తెలియకుంటే ఇంటికి ఫోన్ చేసి అడిగి రాయండి. ఎంతమందిమి రాయలేకపోతామో చూసినాక మళ్ళీ మాట్లాడుకుందాం.

సోమందేపల్లి మండలం, హాస్టల్ అమ్మాయి